ఏరేసిన జీడిపప్పు

మా చెల్లెలికి జీడిపప్పు పడదు. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి మా ఇంటికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో ఆమెను చావు గడప దాకా పంపింది ఎవరో పగవాళ్లు కాదు, మేమే. అదీ ప్రేమగా, నెయ్యి పోసి మరీ పంపాం. ఇప్పటి పిల్లలు ‘అలర్జీ’ అని తేలిగ్గా అనేసి పళ్లెం పక్కకు జరిపితే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కోపం కాదు. ఆ మాట అప్పట్లో ఒక్కరైనా మా గల్లీలోకి తీసుకురాలేదే అని కోపం.

అప్పట్లో అంటే పందొమ్మిదివందల ముప్పైల చివర్లో. మా ఇల్లు హైదరాబాదు శాలిబండలో ఉండేది. ముందు రెండు గదులు, వెనక బర్రెల కొట్టం. బాపు పాల వ్యాపారం చేసేవాడు. పక్కింట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను ఖాలా అని పిలిచేవాళ్లం. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. దాని మీదుగా పాలచెంబు అటు పోయేది, కూరగిన్నె ఇటు వచ్చేది. కబుర్లకూ తిట్లకూ కూడా అదే దారి.

బాపుకు బర్రెల సంగతి క్షుణ్ణంగా తెలుసు. ఏ బర్రెకైనా కడుపు ఉబ్బిందంటే ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట, “ఏం మేసింది?” పొద్దున వేసిన గడ్డి, నానబెట్టిన గానుగ చెక్క, తాగిన కుడితి, అన్నీ ఆరా తీసేదాకా ఊరుకునేవాడు కాదు. ఆ మాట మనిషి బిడ్డ విషయంలో కూడా అడగాలని ఆయనకు తట్టలేదు. మాకెవరికీ తట్టలేదు.

నాకూ చెల్లెలికీ మధ్య అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు ఖాలా ఆమెను వీధి చివర ఉన్న ఆషుర్‌ఖానాకు తీసుకెళ్లింది. మొహర్రంలో పీర్లను నిలిపే చోటు అది. మా వాడలో హిందువులూ ముస్లిములూ అని లేకుండా అందరూ అక్కడ మొక్కుకునేవాళ్లు. అమ్మ కొంగు పరిచి మొక్కింది. బిడ్డ బతికితే ఏటా పీర్ల పండుగ ఏడో నాడు ఆకుపచ్చ బట్టలు తొడిగి తీసుకొచ్చి మలీద పెడతానంది. గోధుమరొట్టెలను వేడి మీదే చేత్తో నలిపి, బెల్లం, కాగిన నెయ్యి కలిపితే మలీద. చెల్లెలు పుట్టింది, బతికింది. మొదటి రెండేళ్లూ పసినోటికి బెల్లం నీళ్లు నాకించి మొక్కు సరిపెట్టారు.

మూడో ఏడు పిల్ల నిజంగా తింటుంది కదా అని అమ్మ మలీదలో జీడిపప్పు వేసింది. మా ఇంట్లో పండుగలకు కూడా జీడిపప్పు ఎరగం. అది పీరు కోసం ప్రత్యేకంగా తెచ్చింది. మొక్కు ఏ బిడ్డదైతే ఆ బిడ్డకే మొదటి ముద్ద పెట్టాలి. పెట్టేది ముజావర్, అంటే ఆ పీర్లను కనిపెట్టుకుని ఉండే పెద్దాయన. ఆయనను మేం తాతా అనేవాళ్లం. తాత ముద్ద పెట్టాడు, చెల్లెలు తిన్నది. ఇంటికి వచ్చేలోపే పెదాలు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు తేలాయి. అమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. ఖాలా దువా చదివి ముఖం మీద ఊదింది. పొద్దుగూకేసరికి తగ్గింది.

పెద్దవాళ్లు కూర్చుని తేల్చిందేమిటంటే, మలీద తక్కువైందట, పీరుకు కోపం వచ్చిందట.

మరుసటి ఏడు అమ్మ జీడిపప్పు రెట్టింపు చేసింది. ఆ ఏడు చెల్లెలి కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి. కడుపులో ఉన్నదంతా కక్కుకుని అమ్మ ఒడిలో వాలిపోయింది. ఆ కక్కుకోవడమే ఆమెను బతికించిందని నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం ప్రసాదం ఒంట నిలవలేదు కాబట్టి మొక్కు చెల్లలేదన్నారు. వచ్చే ఏడు ఇంకా ఘనంగా చేయాలన్నారు. చేసేది అమ్మ, చెప్పేవాళ్లు వాడంతా.

వాళ్లను తప్పుపట్టి ఏం లాభం? ఏడాది పొడుగునా చెల్లెలు గుండ్రాయిలా ఉండేది. జ్వరం లేదు, జలుబు లేదు. సరిగ్గా పీర్ల ఏడో నాడే పడిపోయేది. ఇంకెవరైనా ఏమనుకుంటారు?

నాకు మాత్రం భయం పట్టుకుంది. నెలవంక కనబడి మొహర్రం మొదలైందనగానే ఏడో నాటికి ఇంకెన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టేదాన్ని. వీధిలో డప్పు వినబడితే చెల్లెలు పోయి బర్రెల కొట్టంలో దాక్కునేది. నేను పోయి తీసుకొచ్చేదాన్ని. “మల్ల మూతి వాస్తదా అక్కా?” అని అడిగేది. నాకు పదకొండేళ్లు. జుట్టుకు అంటిన గడ్డి ఏరేదాన్ని.

ఆ తర్వాత రంజాన్ పండుగ వచ్చింది. పొద్దున మా పాలు ఖాలా ఇంటికి వెళ్లాయి, మధ్యాహ్నం షీర్ ఖుర్మా అయి గోడ మీదుగా తిరిగి వచ్చాయి. చెల్లెలు ఒక్క చెంచా నోట్లో పెట్టుకుంది. రెండో చెంచాకే చేయి ఆగిపోయింది. “నాలిక మండుతున్నది” అంది. నేను చూస్తుండగానే పెదవి లావెక్కింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇది మొహర్రం కాదు. మొక్కు లేదు, మలీద లేదు. పీరుకు ఇవాళ మా ఇంటితో ఏం పని? చేతిలో ఉన్న గిన్నెలోకి చూశాను. సేమ్యాల మధ్య జీడిపప్పు తేలుతోంది, పైన పిస్తా తురుము. మలీదలోనూ ఇదే.

ఆ సాయంత్రం చెల్లెలి మూతి వాపు తగ్గాక అమ్మతో అన్నాను, “గది పీరు గాదమ్మా. కాజు తింటెనే గిట్ల అయితున్నది.”

చెంప పగిలింది. “పీరు ఇచ్చిన బిడ్డనే అది. పీరు ప్రసాదానికే వంక పెడ్తవా? కండ్లు పోతయ్!” అంది అమ్మ. ఆషుర్‌ఖానా వైపు తిరిగి తన చెంపలు వేసుకుంది. నన్ను కొట్టినందుకు కాదు, నా మాట పీరు విన్నాడేమోనని.

గోడ దగ్గరికి పోయి ఖాలాకు చెప్పాను. ఆమె కొట్టలేదు. గోడ మీదుగా వంగి నా చెంప నిమిరింది. “నువ్వు చెప్పింది నిజమే గావచ్చు బేటీ. గని మీ అమ్మ ఇద్దరిని మట్టిల పెట్టిన మనిషి. మన్నత్‌ల ఒక్క గింజ తగ్గియ్యమని ఆమెకు నేనెట్ల చెప్పాలె? రేపు ఏమన్న అయితే నా నోరే కారణమంటది” అంది. మన్నత్ అంటే మొక్కు. ఖాలాకు కూడా భయమే. అందరికీ భయమే, కాకపోతే ఒక్కొక్కరిది ఒక్కో భయం.

మూడు నెలలకు మళ్లీ మొహర్రం వచ్చింది. ఏడో నాడు పొద్దున్నే అమ్మ పొయ్యి ముట్టించింది. ఈసారి జీడిపప్పు ఇంకా ఎక్కువ తెచ్చింది. మూకుట్లో నెయ్యి పోసి, పప్పు ఎర్రగా వేయించి, ఆ నెయ్యితో సహా నలిపిన రొట్టెల మీద గుమ్మరించింది. ఇల్లంతా కమ్మటి వాసన. తర్వాత చెల్లెలికి తలంటు పోయడానికి వెనక్కి వెళ్తూ, “పిల్లులు రాకుంట సూడు” అని నన్ను మలీద దగ్గర కూర్చోబెట్టింది.

ఆ కాస్త సమయంలోనే నా బుర్రలో ఆ తెలివి పుట్టింది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, పెద్దవాళ్లకు చెప్పి లాభం లేదు, నేనే చక్కబెడతాననుకున్నాను. తాంబాళం ముందేసుకుని జీడిపప్పు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాను. పలుకులు, సగాలు, చిన్న చిన్న ముక్కలు. వేళ్లతో అడుగు దాకా కెలికి వెతికాను. ఏరినవి ఎక్కడ దాచాలి? లంగా ఒళ్లో పోసుకుంటే నెయ్యి మరక పడుతుంది. బయట పారేస్తే ఎవరైనా చూస్తారు. నోట్లో వేసుకున్నాను.

నిజం చెప్పాలి. మొదటి నాలుగు పలుకులూ దాచడానికే తిన్నాను. తర్వాతవి రుచికి తిన్నాను. అంత జీడిపప్పు నా జన్మలో చూడలేదు. చెల్లెలి ప్రాణం కాపాడుతున్నాననే గొప్ప ఒకవైపు, నోట్లో వెన్నలా కరిగే పప్పు ఒకవైపు. ఆ రెండూ ఒకేసారి దొరికితే ఏ పిల్ల వదులుకుంటుంది? అమ్మ వచ్చేసరికి మలీద పైన మళ్లీ నున్నగా సర్ది, దాని మీద గుడ్డ కప్పి, బుద్ధిమంతురాలిలా కూర్చున్నాను.

ఆషుర్‌ఖానాలో ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. ఊదు పొగ కళ్లలో పడుతోంది. పీర్లకు కట్టిన ఆకుపచ్చ దట్టీ గుడ్డలు గాలికి కదులుతున్నాయి. బాపు గుమ్మం బయట మగవాళ్లతో నిలబడ్డాడు. తాత ఫాతిహా చదివి, చిన్న ముద్ద తీసి చెల్లెలి మూతి దగ్గర పెట్టాడు. చెల్లెలు పళ్లు బిగించింది. అమ్మ బతిమాలింది. “నోరు తెర్వు బిడ్డా, మా తల్లివి గద.” చెల్లెలు తెరవలేదు. తల తిప్పి నా వైపు చూసింది.

“అక్కా, తినాల్నా?”

నేను ఆమె చెవిలో చెప్పాను, “తిను. ఏం గాదు. నేను సూసిన.”

వెంటనే నోరు తెరిచింది. తాత పెట్టిన ముద్ద మింగింది. ఏమీ కాలేదని నవ్వింది. తియ్యగా ఉంది కదా, తనే చేయి చాచి ఇంకో పిడికెడు తీసుకుని తిన్నది. మూతికి అంటిన నెయ్యి నా చేత్తోనే తుడిచాను. పీర్ల కన్నా నేనే పెద్దదాన్ని అయినట్టు నిలబడ్డాను.

అంతలో చెల్లెలు మెడ గోక్కుంది. “గొంతుల గడ్డి ఇరికినట్టున్నది అక్కా” అంది. ఆ గొంతు ఆమెది కాదు. బొంగురుగా, ఎవరో ముసలామెది వచ్చి చేరినట్టుంది. తేలు కుట్టిన దొంగనయ్యాను. జీడిపప్పు లేదు కదా? అన్నీ ఏరాను కదా? ఎక్కడో ఒక ముక్క మిగిలిందా? లేక అమ్మ మాటే నిజమా? పీరు సొమ్ము దొంగతనంగా తిన్నందుకు శిక్ష నా మీదకు రాకుండా చెల్లెలి మీదకు వచ్చిందా?

ఇప్పుడు పెదాలు, కనురెప్పలు, మెడ, అన్నీ ఉబ్బాయి. చూస్తుండగానే ఊపిరి ఈల వేయడం మొదలుపెట్టింది. అమ్మ పీర్ల ముందు సాగిలపడింది. “తండ్రీ, తప్పు గాయి! ఏం తక్కువ చేసిన? ఇంక నేనేం తేవాలె?” అని ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఎవరో అన్నారు, “ప్రసాదం కడుపు నిండ తినలేదేమో, ఇంకింత పెట్టు.”

అమ్మ లేచి తాంబాళంలో చేయి పెట్టి పిడికెడు తీసింది. ఎడమ చేత్తో చెల్లెలి దవడలు నొక్కి పట్టుకుంది. ఆ ఉబ్బిన పెదాల మధ్య దూరడానికి చోటు కూడా లేదు. అయినా ఆమె చేయి వస్తూనే ఉంది. నా జన్మలో ఏనాడూ అంత భయపడలేదు. ఎగిరి అమ్మ చేతి మీద కొట్టాను. మలీద చెదిరి నేల మీద పడింది.

పీర్ల ముందు, ప్రసాదం, నేలపాలు. అందరూ నోళ్లు తెరిచారు. నన్ను చీల్చేస్తారనుకున్నాను. తాత మాత్రం కింద పడ్డ మలీద వైపు చూడనే లేదు. చెల్లెలి ముఖం దగ్గర చెవి పెట్టి విని, “పెట్టకు బేటీ, ఏం పెట్టకు. పిల్లకు ఊపిరి ఆడ్తలేదు” అన్నాడు. గుమ్మం వైపు తిరిగి బాపును కేకేశాడు. “మలీద సంగతి నేను సూస్కుంట. నువ్వు దవాఖానకు ఉరుకు!”

జట్కాలో చార్మినార్ దాకా వెళ్లగలిగాం. అక్కడ మొహర్రం జనం. షర్బత్ పోసే పందిళ్లు, నల్లబట్టల గుంపులు; ఇక గుర్రం కదలలేదు. బాపు దూకి చెల్లెలిని భుజాన వేసుకుని పరుగెత్తాడు. నేను వెనక. అమ్మ ఎక్కడో వెనకబడిపోయింది. “జర జరగుండ్రి భాయ్, బిడ్డ పోతున్నది!” అని బాపు అరుస్తుంటే, “రాస్తా దేవ్! బచ్చీ హై!” అని ఒకరి నుంచి ఒకరు అందుకున్నారు. జనం చీలి దారి ఇచ్చారు.

ఆ ఈల ఆగనంత వరకు పిల్ల ఉన్నట్టు. దాన్నే వింటూ పరుగెత్తాను. కానీ జనం కేకల్లో అది వినబడటం మానేసింది. ఆగిపోయిందా, నాకే వినబడలేదా తెలియలేదు. బాపు వీపు మీద వేలాడుతున్న చెల్లెలి పాదం పట్టుకున్నాను. బొటనవేలు గిల్లాను. కదిలింది. నయాపూల్ మీద మళ్లీ గిల్లాను. ఈసారి కదల్లేదు. ఇంకా గట్టిగా గిల్లాను. అఫ్జల్‌గంజ్ వైపు దిగేదాకా గిల్లుతూనే ఏడ్చాను.

పెద్ద దవాఖానలో డాక్టరు ఏ ప్రశ్నా అడగకుండానే సూది వేశాడు. మేం గోడకు ఆనుకుని నిలబడ్డాం. అమ్మ రొప్పుతూ వచ్చి చేరింది. కాసేపటికి ఊపిరి తీసినప్పుడల్లా చెల్లెలి ఛాతీ మీద పడుతున్న గుంటలు తగ్గాయి. ఈల సన్నబడింది. తర్వాత ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు విని బాపు కూలబడిపోయాడు.

అప్పుడు డాక్టరు ఉర్దూలో అడిగింది ఒక్కటే మాట. ఏం తిన్నది?

బాపు తలెత్తి ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత రెండు చేతులతో తల పట్టుకున్నాడు. “నా బర్రెలకు అడుగుత సాబ్. దినాం అడుగుత. బిడ్డకు అడగలె” అన్నాడు.

అమ్మ మలీద అని చెప్పింది. అందులో ఏమేం వేశారని డాక్టరు అడిగాడు. కాజు అని అమ్మ అనగానే నేను అడ్డం పడ్డాను. “లేదు సాబ్! కాజు లేదు. ఒక్కటి లేకుంట నేనే ఏరి పారేసిన.” పారేశానన్నాను. తిన్నానని చెప్పడానికి అప్పుడు కూడా నోరు రాలేదు. అమ్మ నన్ను చూసింది. డాక్టరు, ఆ పప్పు వేయించిన నెయ్యి ఏం చేశారని అడిగాడు. మలీదలోనే పోశామంది అమ్మ. ఇలాంటి పిల్లకు ఆ నెయ్యి చాలని, ఏరితే పోయేది కాదని, ఆ పప్పు తాకిన చేయి కూడా ఆమె నోటికి తగలకూడదని ఆయన చెప్పాడు. నేను నా చేతులు వెనక దాచుకున్నాను.

అమ్మ కొడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. కొట్టలేదు. దగ్గరికి లాక్కుని, “నువ్వు అప్పుడే చెప్పినవ్, నేనే ఇనలే” అని మాత్రం అంది. ఆ సంగతి మళ్లీ మా మధ్య రాలేదు. నేను తిన్నానో పారేశానో ఆమె అడగలేదు.

మొక్కు సంగతి మిగిలింది. చెల్లెలు లేచి తిరుగుతున్నాక అమ్మ తాత దగ్గరికి వెళ్లింది, నన్నూ వెంటబెట్టుకుని. మలీద మానేస్తే పీరు ఊరుకుంటాడా అని అడిగింది. అడగడానికి ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో ఆ గొంతులో తెలిసింది. తాత నవ్వలేదు, కసరలేదు. “నువ్వు మొక్కింది బిడ్డ బతకాలని గద. మరి బతకనీ” అన్నాడు. “బెల్లం షర్బత్ తే, చాలు.”

తర్వాతి ఏడో నాడు షర్బత్ తీసుకెళ్లాం. కుండ ఎవరు కడిగారు, బెల్లం ఎవరు చిదిమారు, ఆ చేత్తో అంతకుముందు ఏం ముట్టుకున్నారు, అన్నీ నేనే కనుక్కున్నాను. తాత గిన్నె అందించాడు. చెల్లెలు గిన్నె పట్టుకుని నా వైపు తిరిగింది. నేను వాసన చూశాను. మళ్లీ చూశాను. వెనక వరుసలో వాళ్లు విసుక్కున్నారు. తల ఊపాను. ఆమె తాగింది. ఆమె గొంతు కదలడం చూస్తూ, మామూలుగా మాట్లాడేదాకా కదల్లేదు.

ఇప్పుడు ఇద్దరం ముసలివాళ్లం అయ్యాం. ఏ పెళ్లికి పోయినా చెల్లెలు పళ్లెం తెచ్చి నా ముందు పెడుతుంది. నేను లేచి వంటవాళ్ల దగ్గరికి పోతాను. ఈ నెయ్యిలో ముందు ఏం వేయించారు, ఆ గరిటె దేంట్లో పెట్టారు, అని ఆరా తీస్తాను. వంటవాళ్లు ఈ ముసలమ్మ లొల్లి ఏందని గొణుక్కుంటారు. ఠాణాలో పోలీసులా ఆరా తీస్తానని మా పిల్లలు నన్ను దారోగా అని ఏడిపిస్తారు. ఏడిపించనీ. తిరిగి వచ్చి తల ఊపేటప్పుడు ప్రతిసారీ నాకు అనుమానం మిగిలే ఉంటుంది. వంటవాడు అబద్ధం చెప్పి ఉండవచ్చు, మరిచిపోయి ఉండవచ్చు. ఆ రోజు ‘ఏం గాదు’ అని నేనూ నిజమే అనుకుని కదా చెప్పాను.

చెల్లెలు ఇవేవీ ఆలోచించదు. “అక్క సూసిందంటే నాకు ఫికర్ లేదు” అని పక్కవాళ్లకు చెప్పి తినడం మొదలుపెడుతుంది. ఆ ఏడో నాడు ఆమెకు అయిదేళ్లు. సూది గుర్తుంది, జనం గుర్తున్నారు, ఎవరో కాలు గిల్లారని కూడా గుర్తుంది. పళ్లు బిగించి కూర్చున్న తాను ఎవరు చెబితే నోరు తెరిచిందో మాత్రం గుర్తు లేదు. నేను చెప్పలేదు.